నీళ్ళ కింద నుంచి ముట్టడి

డిసెంబరు మొదటి వారమంటే విశాఖలో నౌకాదళ దినోత్సవం, ఆర్కే బీచి నిండా జనం. అదే వారంలో, 7వ తేదీన, మైసూరు పాలకుడు హైదర్ అలీ వర్ధంతి. 1782లో ఆయన కన్నుమూసింది మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో. ఈ రెండింటినీ ఒకే తాడుకు కట్టేస్తే పండితులు నవ్వుతారేమో. వానలు కురిసిన నాలుగు రోజులు పోతే స్వర్ణముఖిలో మోకాలు తడవని ఏర్పేడులో కూచుని జలాంతర్గాముల గురించి రాసేవాడికి ఆ మాత్రం తెగువ ఉండాలి మరి.

అసలు ఈ ఆలోచన పుట్టించింది ఒక కంప్యూటర్ ఆట. రెడ్ అలర్ట్ 2కి కొనసాగింపుగా 2001లో వచ్చిన 'యూరీస్ రివెంజ్'లో బూమర్ అనే జలాంతర్గామి ఉంటుంది. ఓడ ఎదురైతే టార్పెడోలు, ఒడ్డున కట్టడాలుంటే క్షిపణులు. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడిన కుర్రాళ్ళకు ఆ బాధ బాగా తెలుసు. క్షిపణులు జంటగా వచ్చి మీద పడుతూనే ఉంటాయి, వేసేవాడు మాత్రం కంటికి ఆనడు. అంతటిదానికీ ఒక కొరత ఉంది. మ్యాపు మీద నల్ల ముసుగు తొలగని చోట ఏముందో దానికీ తెలియదు. ఎవరో ఒకరు ముందు వెళ్ళి చూసి రావాలి.

బూమర్ వంశవృక్షం తీస్తే ఒక కొమ్మ మన వైపే తిరుగుతుంది. 1780లో కంచి దగ్గర పొల్లిలూరులో ఈస్టిండియా కంపెనీ కర్నల్ బెయిలీ సేనను హైదర్, ఆయన కొడుకు టిప్పు చిత్తు చేసినప్పుడు ఇనుప గొట్టాల రాకెట్లు వాడారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ రాకెట్లు ఇంగ్లండు చేరాయి, అక్కడ కాంగ్రీవ్ అనే ఇంగ్లీషువాడు వాటికి మెరుగులు దిద్దాడు. 1834లో కార్ల్ షిల్డర్ అనే రష్యన్ ఇంజనీరు ఇనుప జలాంతర్గామికి రాకెట్లు బిగించి ప్రయోగం చేశాడు. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ తన 'మిస్టీరియస్ ఐలాండ్'లో, నాటిలస్ అనే జలాంతర్గామిని నడిపిన కెప్టెన్ నెమో టిప్పు మేనల్లుడేనని బయటపెట్టాడు. ఆ లెక్కన హైదర్‌కు మనవడి వరస! కల్పితమైతేనేం, బంధుత్వం వదులుకోవడం ఎందుకు? ఆ తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు. 1945 జూన్‌లో అమెరికా జలాంతర్గామి బార్బ్ రాత్రిపూట పైకి తేలి జపాన్‌లోని షారి పట్టణం మీద రాకెట్లు వదిలింది. బూమర్‌కు సొంత తాత అంటే అదే.

ఇక నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివితీరని కథ.

1971 నవంబరు 14న పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కరాచీ నుంచి బయలుదేరింది. వాళ్ళ జలాంతర్గాముల్లో సింహళం చుట్టి బంగాళాఖాతం దాకా వచ్చి తిరిగి వెళ్ళగలిగింది అదొక్కటే. పూర్వాశ్రమంలో అది అమెరికా వారి డయాబ్లో. దాని గురి మన విమాన వాహక నౌక విక్రాంత్ మీద. విక్రాంత్‌కేమో బాయిలర్‌లో పగులు, పూర్తి వేగం అందుకోలేదు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దాన్ని గుట్టుగా అండమాన్ దీవులకు పంపేశాడు.

పంపి ఊరుకోలేదు. విక్రాంత్ వస్తోంది, రేవులో చోటు సిద్ధం చేయమని మద్రాసుకు కబురు పెట్టాడు. విశాఖలో ఒక పెద్ద ఓడకు సరిపడా మాంసం, కూరగాయలు ఆర్డరిచ్చాడు. ఊళ్ళో వేగులున్నారని, ఆ సరుకు లెక్క చేరాల్సిన చోటికి చేరుతుందని ఆయన ధీమా. రద్దుకు సిద్ధంగా ఉన్న రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ను సముద్రంలోకి పంపి, విక్రాంత్ తానేనన్నట్టు వైర్‌లెస్‌లో హడావుడి చేయించాడు. నావికుడొకడు జబ్బుపడ్డ తన తల్లి ఎలా ఉందో అడుగుతున్నట్టు రహస్య లిపి లేకుండా ఒక సందేశం కూడా వెళ్ళింది. యుద్ధనౌక అబద్ధమాడుతుందని శత్రువు అనుమానిస్తాడు గాని, అమ్మ కోసం బెంగపడే కొడుకును ఎవరు అనుమానిస్తారు?

ఈ విద్య మన నేలకు కొత్త కాదు. హైదర్ పోయినప్పుడు, టిప్పు మలబారు నుంచి వచ్చేదాకా ఆ వార్త పొక్కకుండా, శవాన్ని పెట్టెలో పెట్టి ఖజానా సొమ్మన్నట్టు కోలారు వైపు నడిపించారు.

ఘాజీ ముందు మద్రాసు దగ్గర గాలించి, కరాచీ నుంచి కబురందాక విశాఖ ముఖం పట్టింది. డిసెంబరు 3 అర్ధరాత్రి రాజ్‌పుత్ రేవు దాటుతుండగా నీళ్ళలో ఏదో అలజడి కనిపించింది. కెప్టెన్ ఇందర్ సింగ్ వేగం పెంచి రెండు డెప్త్ చార్జీలు వేయించాడు. కాసేపటికి పెద్ద పేలుడు. తీరంలో ఇళ్ళ కిటికీలు అదిరాయి. తెల్లవారి జాలర్లు తేలుతున్న వస్తువులు తెచ్చి చూపారు. తొంభైమందికి పైగా నావికులు లోపలే పోయారు. డెప్త్ చార్జీలే ముంచాయని మనవాళ్ళు, ప్రమాదవశాత్తూ పేలిందని పాకిస్తాన్ వాళ్ళు ఇప్పటికీ అంటారు. ఈ కథ మీద 2017లో వచ్చిన తెలుగు సినిమాలో ముంచింది మన జలాంతర్గామి; హీరో రానా ఉండగా ముసలి రాజ్‌పుత్‌ను ఎవరు చూస్తారు? ఏది నిజమైనా, అంత దూరం వచ్చిన ఘాజీని లేని ఓడ కోసం అక్కడ తిప్పింది మాత్రం కూరగాయల ఆర్డరూ, ఆ తల్లి జబ్బూ.

ఇక్కడి నుంచి కథకు వరస చిక్కదు. 2009 జులై 26న విశాఖలో అప్పటి ప్రధాని భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టగా మన అణు జలాంతర్గామి అరిహంత్ నీళ్ళలోకి దిగింది. 2016లో దళంలో చేరినా అప్పుడు పెద్దగా ప్రకటనే లేదు. 2024 ఆగస్టులో అదే కోవలో అరిఘాత్ వచ్చింది. నవంబరులో దాని మీది నుంచి 3,500 కిలోమీటర్ల కె-4 క్షిపణిని పరీక్షించారు. ముట్టడికి ఇక ఒడ్డు దాకా రానక్కరలేదు. కానీ లోతున దాక్కున్నదానికి ఆజ్ఞ చేరవేయడం పెద్ద పని. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి దిగవు, అతి తక్కువ పౌనఃపున్యం తరంగాలే కొద్ది మీటర్లు దిగుతాయి. వాటిని పంపే కేంద్రం తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర ఒకటుంది. రెండోదానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. ఎక్కడనుకున్నారు? సముద్రం ఊసే లేని తెలంగాణలో, వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో. సుమారు 2,900 ఎకరాలు. చెట్లు పోతాయని, మూసీ పుట్టే చోటుకు ముప్పని పర్యావరణవాదులు ఆందోళనకు దిగారు. దేశ రక్షణ ముఖ్యమని ప్రభుత్వాలంటున్నాయి. బూమర్ ఆడే కుర్రాడికి ఈ తగువు లేదు, మౌసు నొక్కితే ఆజ్ఞ చేరిపోతుంది. అరిహంత్‌కు చేరాలంటే మాత్రం ముందు దామగుండం రైతుకు, అటవీ శాఖకు, కోర్టుకు జవాబు చెప్పుకోవాలి.