జుయ్‌మనే గిటార్, ఎడ్డీ చేసిన పని

నా సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ ఒకటే జుయ్‌మనేది. అమ్మేద్దామనుకున్నా. అప్పుడు ఎడ్డీ వాన్ హేలెన్ కథ చదివా.

తీగల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి కాయిల్. ఒక్క కాయిలే ఉంటే కరెంటు రొదనీ పట్టేస్తుంది. 1955లో గిబ్సన్ ఇంజనీర్ సెత్ లవర్ రెండు కాయిల్స్‌ని వ్యతిరేకంగా కలిపి రొదను కొట్టేయించాడు. అదే హంబకర్.

1970ల్లో కాలిఫోర్నియా కుర్రాడు ఎడ్డీ, గిబ్సన్ గిటార్లోంచి హంబకర్ పీకి, స్ట్రాట్ ఆకారపు చెక్కలో గుంట తొలిచి బిగించాడు. కీచుమనకుండా కరిగిన మైనంలో ముంచాడట, ధైర్యం చూడండి! 1978 నాటి వాళ్ల తొలి ఆల్బమ్‌లో ఆ గిటార్ కూడా మోగింది. ఆ దశాబ్దంలోనే న్యూయార్క్‌లో లారీ డిమార్జియో విడి పికప్‌లు అమ్మడం మొదలెట్టాడు.

నేనూ చిన్న హంబకర్ కొని, సోల్డరింగ్ ఐరన్ పట్టా. వేలు కాలింది. జుయ్ పోయింది.