నేల నుంచి రాంప్ మీదికి: ఆబిడ్స్, నాంపల్లిలో మోటారు సైకిల్ మరమ్మతు

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆర్మేనియన్ ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం వల్ల ఆబిడ్స్‌కు ఆ పేరు రాగా, దాని పొరుగున ఉన్న నాంపల్లిలో 1907లో రైల్వే స్టేషన్ వెలిసింది. ప్లాట్‌ఫారం నేల కంటే ఎత్తుగా ఉంటుంది గనుక, పెట్రోలు తీసేసి గోనెపట్టాలు చుట్టిన మోటారు సైకిల్‌ను హమాలీలు నేల నుంచి ఎత్తినంత ఎత్తకుండానే పార్సిల్ పెట్టెలోకి చేర్చగలరు. మరమ్మతు చేసేచోట ఈ వెసులుబాటు చాలాకాలం లేదు.

1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. బస్సు మరమ్మతుకైతే పిట్, అంటే మెకానిక్ దిగి నిలబడే గొయ్యి, చాలును. రెండు చక్రాల బండికి పని అడుగున కంటే పక్కల ఎక్కువ కాబట్టి అది అక్కరకు రాదు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా, 1960లో మైసూరులో ఐడియల్ జావా ఏర్పడి బరువైన దేశీయ బండ్లు వీధుల్లోకి వచ్చినప్పుడు, మెకానిక్ ఉస్తాద్ వాటిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, ఇంజను కింద చెక్కదిమ్మె పెట్టి, తాను పీట మీదకో నేల మీదకో వంగేవాడు. బండి ఎత్తు మారదు గనుక మనిషే దానికి తగ్గట్టు ముడుచుకోవాల్సి వచ్చేది. ఈ వృత్తిలో మోకాళ్లూ నడుమూ ముందు అరగడంలో ఆశ్చర్యమేమీ లేదు.

రాంప్ అని మెకానిక్‌లు పిలిచే లిఫ్ట్ బల్ల ఈ లెక్కను తిరగేసింది. చిన్న పంపులో నూనె మీద పడిన ఒత్తిడి పెద్ద సిలిండర్‌లో ఎక్కువ వైశాల్యం మీద పనిచేసి బల్లను నడుమెత్తుకు లేపుతుంది. అయితే బల్ల లేవడానికే నూనె సాయం. బండిని దాని మీదికి చేర్చడం నేటికీ మనిషి చేతి పనే. దించినప్పుడు కూడా బల్ల జానెడు ఎత్తుంటుంది. 195 కిలోల ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ని నాలుగడుగులకు ఒక అడుగు లేచే పలక మీదుగా తోస్తే, రెండు చక్రాల మధ్య దూరం పలక కంటే ఎక్కువ కాబట్టి ఒకసారికి ఒక చక్రమే వాలు మీద ఉంటుంది. కావలసిన తోపు పాతిక కిలోల దరిదాపుల్లోనే. చిక్కంతా రెండో ఎక్కుడు దగ్గర: ముందు చక్రం సునాయాసంగా పోతుంది, వెనక చక్రం పలకను తాకేసరికి ఊపు సన్నగిల్లుతుంది, తోసేవాడి కాళ్లు మాత్రం ఇంకా నేల మీదే ఉంటాయి. అందుకే ఒకరు హ్యాండిల్ పట్టగా మరొకరు వెనక నుంచి తోస్తారు. ముందు చక్రం బల్ల మీది బిగింపులో కూర్చున్నాకే పట్టు వదులుతారు.

కంపెనీ సర్వీస్ కేంద్రాల్లో రాంప్ మామూలైంది గాని, షట్టరు ముందు ఫుట్‌పాతే వర్క్‌షాపుగా ఉన్న చిన్న మెకానిక్‌కు బండి పొడుగంత బల్లకు చోటు దొరకడం కష్టం. రాంప్ ఉన్నచోట కూడా దించడమే అసలు పరీక్ష. వెనక్కి దిగే బండి బరువు వెనక చక్రం మీదికి వాలడంతో ముందు బ్రేకు పట్టు తప్పుతుంది. ఎడమవైపు నిలిచినవాడికి కుడివైపున్న బ్రేక్ పెడల్ అందదు. పాత ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌కు గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు ఉండేవి కాబట్టి కనీసం కాలు అందేది. ఇప్పటి బండినైతే ఇంజను ఆపి, మొదటి గేరులో ఉంచి, క్లచ్‌ను కొద్దికొద్దిగా పట్టి వదులుతూ అంగుళం అంగుళంగా దించుతారు.