తులసీదాస్ బలరాం

తులసీదాస్ బలరాం (1936 - ఫిబ్రవరి 16, 2023) సికింద్రాబాదుకు చెందిన ప్రముఖ భారతీయ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. ఎడమ వైపు వింగర్‌గాను, సెంటర్ ఫార్వర్డ్‌గాను ఆడి 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించాడు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించిన జట్టులో సభ్యుడు. పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురినీ భారత ఫుట్‌బాల్ చరిత్రలో "త్రిమూర్తులు"గా పేర్కొంటారు. ఈ ముగ్గురిలో ఇతని క్రీడాజీవితమే అతి స్వల్పమైనది. అనారోగ్యము వలన 1963లోనే ఆటకు దూరమయ్యాడు.

బాల్యము

బలరాం సికింద్రాబాదు సమీపాన ఉన్న అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబములో జన్మించాడు. సైనిక స్థావరమైన సికింద్రాబాదు కంటోన్మెంటులో సైనికుల జట్ల ద్వారా ఫుట్‌బాల్ ఆనాటికే బాగా వ్యాపించి ఉండేది. బొల్లారం, లాలాగూడ వంటి చోట్ల పేద పిల్లలకు ఖాళీ స్థలమే మైదానం. బలరాం కూడా అక్కడి మైదానాలలోనే ఆట నేర్చుకొని, స్థానిక సైనిక జట్టు తరఫున, ఆ తరువాత హైదరాబాదులోని రైడర్స్ క్లబ్ తరఫున ఆడాడు.

రహీం శిష్యరికం

1950వ దశకంలో హైదరాబాదు దేశంలోని ప్రధాన ఫుట్‌బాల్ కేంద్రాలలో ఒకటి. హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం. బలరాం ప్రతిభను గుర్తించి శిక్షణకు పిలిచినది ఈయనే. అమ్ముగూడ నుండి నగరానికి రోజూ వచ్చి వెళ్ళే స్తోమత తనకు లేదని బలరాం చెప్పగా, రహీం సైకిలు అద్దెకు డబ్బు ఇచ్చి రప్పించుకున్నాడు. 1956-57లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాదు జట్టులో బలరాం ఆడాడు. అదే 1956లో, ఇరవై యేళ్ళ వయసులో, మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టుకు ఎంపికయ్యాడు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికారుద్దీన్ వంటి హైదరాబాదు క్రీడాకారులు కూడా ఉన్నారు. భారత్ ఆ పోటీలలో నాలుగవ స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశపు అత్యుత్తమ ఫలితం నేటికీ అదే.

ఆడిన స్థానము, ఆటతీరు

మైదానపు అంచు వెంట బంతిని తీసుకువెళ్ళి, మధ్యలో ఉన్న సహచరులకు అందించడం వింగర్ ప్రధాన బాధ్యత. అందువలన గోల్ చేసినవారికి దక్కే పేరు, దానికి దారి చేసినవారికి తరచుగా దక్కదు. భారత జట్టులో కుడి అంచున పి.కె.బెనర్జీ, లోపలి ఎడమ స్థానంలో చునీ గోస్వామి ఆడుతుండగా, బలరాం చాలాసార్లు ఎడమ అంచుకు జరిగి ఆడేవాడు. క్లబ్బు తరఫున మాత్రం గోల్ ముందు నిలబడి ఆడి, అనేక గోల్స్ చేశాడు. ఏ స్థానంలోనైనా ఆడగలగడం ఇతని ప్రత్యేకత.

కలకత్తా జీవితము

1957లో బలరాం కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. ఆ కాలంలో హైదరాబాదు క్రీడాకారులు ఎందరో కలకత్తా క్లబ్బులకు తరలివెళ్ళేవారు. 1958లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచిన ఈస్ట్ బెంగాల్‌కు, 1958-59లో సంతోష్ ట్రోఫీ గెలిచిన బెంగాల్ రాష్ట్ర జట్టుకు ఆడాడు. 1961లో ఇతని నాయకత్వంలో ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగ్ గెలిచింది. 23 గోల్స్‌తో ఆ లీగులో అత్యధిక గోల్స్ చేసినది కూడా ఇతడే.

రోమ్ ఒలింపిక్స్ (1960)

రోమ్‌లో భారత్ హంగరీ, ఫ్రాన్స్, పెరూ దేశాలతో ఒకే గ్రూపులో ఆడింది. ఫలితాలు ఇవి:

* హంగరీతో 1-2 తేడాతో ఓటమి. భారత్ గోల్ చేసినది బలరాం.
* ఫ్రాన్స్‌తో 1-1 సమానం. భారత్ గోల్ చేసినది పి.కె.బెనర్జీ.
* పెరూతో 1-3 తేడాతో ఓటమి. భారత్ గోల్ చేసినది బలరాం.

భారత్ గ్రూపు దశ దాటలేదు. అయినా మూడు గోల్స్‌లో రెండు బలరాంవే. భారత్‌పై ఒక్క గోల్ తేడాతో మాత్రమే గెలిచిన హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యపతకం పొందింది. 1960 తరువాత భారత పురుషుల జట్టు ఒలింపిక్ ఫుట్‌బాల్‌కు అర్హత పొందలేదు.

జకార్తా స్వర్ణము (1962)

ఆసియా క్రీడలలో భారత్ తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడింది. తరువాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించింది. ఈ రెండు మ్యాచ్‌లలోను బలరాం ఒక్కొక్క గోల్ చేశాడు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచి, సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్ళీ దక్షిణ కొరియాను ఎదుర్కొంది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను క్రీడలకు అనుమతించకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి.సోంధీ విమర్శించినందున స్థానిక ప్రేక్షకులు భారత జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. ఆ ప్రతికూల వాతావరణంలో బలరాం ఎడమ అంచున ఆడాడు. బెనర్జీ, జర్నైల్ సింగ్ చేసిన గోల్స్‌తో భారత్ 2-1 తేడాతో గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం రావడం 1951 తరువాత అది రెండవసారి. ఆ తరువాత మరొకటి రాలేదు.

అర్ధాంతర ముగింపు

1963లో బలరాం బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) జట్టులో చేరాడు. కాని ఊపిరితిత్తుల వ్యాధి కారణంగా ఆ సంవత్సరమే పోటీ క్రీడల నుండి విరమించవలసి వచ్చింది. అప్పటికి ఇంకా ముప్పై యేళ్ళు నిండలేదు. గురువు రహీం కూడా కేన్సర్ వ్యాధితో 1963 జూన్ 11న మరణించాడు. మెల్బోర్న్ నుండి లెక్కించినా బలరాం అంతర్జాతీయ జీవితం ఏడేళ్ళకు మించలేదు.

తరువాతి కాలంలో శిక్షకుడిగాను, జాతీయ జట్టు సెలెక్టరుగాను పనిచేశాడు. సికింద్రాబాదుకు తిరిగి రాక, కలకత్తా సమీపంలోని ఉత్తరపారాలో స్థిరపడ్డాడు.

గుర్తింపు

1962లో బలరాంకు అర్జున పురస్కారం లభించింది. చునీ గోస్వామికి 1983లో, పి.కె.బెనర్జీకి 1990లో పద్మశ్రీ ఇచ్చారు. వారితో సమానంగా ఆడిన బలరాంకు ఆ గౌరవం దక్కలేదు. ఇతని అభిమానులు దీనిని తీరని లోటుగా భావిస్తారు.

బెనర్జీ 2020 మార్చిలో, గోస్వామి అదే సంవత్సరం ఏప్రిల్‌లో మరణించారు. త్రిమూర్తులలో చివరివాడైన బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో తన 86వ యేట కన్నుమూశాడు. రహీం జీవితం ఆధారంగా నిర్మించిన "మైదాన్" అనే హిందీ చిత్రం 2024లో విడుదలైంది. అందులో బలరాం ఒక పాత్ర. దానిని చూడడానికి అప్పటికి ఆ ముగ్గురిలో ఒక్కరూ లేరు.