నిరోధ మార్పిడి పదార్థాలు

తగినంత వోల్టేజీ పెట్టినప్పుడు తమ విద్యుత్ నిరోధాన్ని మార్చుకొని, సరఫరా ఆపివేసిన తరువాత కూడా ఆ మారిన నిరోధాన్నే నిలుపుకొనే పదార్థాలను నిరోధ మార్పిడి పదార్థాలు అంటారు. ఎక్కువ నిరోధాన్ని 0గా, తక్కువ నిరోధాన్ని 1గా లెక్కిస్తే, రెండు లోహపు పొరల నడుమ ఉంచిన కొద్ది నానోమీటర్ల మందం గల ఆక్సైడ్ పొర ఒక మెమరీ కణంగా పనిచేస్తుంది. ఆ రెంటి మధ్య మరిన్ని మెట్లు సాధ్యమైనప్పుడు అదే కణం, మెదడులో రెండు నాడీకణాలు కలిసే నాడీసంధి వలె, సంబంధపు బలాన్ని గుర్తుంచుకొనే పరికరం కూడా అవుతుంది.

ఈ శాస్త్రానికి పునాది 1960ల దశకంలో పడింది. 10 నానోమీటర్ల పొర మీద ఒక్క వోల్టు పెట్టినా మిల్లీమీటరుకు లక్ష వోల్టులకు సమానమైన విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది కనుక, పలుచని పొరలను తయారుచేయడం చేతనైన తరువాతే ఈ ధర్మం స్పష్టంగా కంటబడింది. 1962లో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలకు చెందిన టి. డబ్ల్యు. హిక్‌మాట్ అల్యూమినియం, టాంటలం, జిర్కోనియం, టైటానియం, సిలికాన్ ఆక్సైడ్ పొరలలో వోల్టేజీ పెరుగుతున్నా కరెంటు తగ్గే ‘ఋణ నిరోధ’ దశను వివరించారు. 1964లో గిబ్బన్స్, బీడిల్ నికెల్ ఆక్సైడ్‌లో మార్పిడిని చూపి, పొర గుండా ఏర్పడే సన్నని లోహపు తంతువే దీనికి కారణమని ప్రతిపాదించారు. తరువాత ఐఐటీ ఖరగ్‌పూర్ డైరెక్టరుగా పనిచేసిన కె. ఎల్. చోప్రా 1965లో ఆక్సైడ్ పొరల ఋణ నిరోధం మీద పత్రం వెలువరించారు. 1967లో సిమన్స్, వెర్డర్‌బర్ బంగారపు అయాన్లు చొరబడిన సిలికాన్ ఆక్సైడ్ పొర అనేక స్థాయిలను గుర్తుంచుకోగలదని చూపగా, 1968లో కళాశాల పట్టా లేకుండా స్వయంకృషితో ఎదిగిన స్టాన్‌ఫర్డ్ ఓవ్‌షిన్‌స్కీ టెల్యూరియం వంటి మూలకాలతో చేసిన గాజులలో ఈ మార్పిడిని ప్రకటించారు. నేటి పరిశోధనకు కావలసిన ప్రశ్నలన్నీ దాదాపుగా ఈ ఆరేడేళ్లలోనే తలెత్తాయన్నది గమనార్హం.

1971లో లియాన్ చువా విద్యుదావేశాన్ని అయస్కాంత అభివాహంతో కలిపే నాలుగవ మూల పరికరం ఉండి తీరాలని గణితం ద్వారా ఊహించి దానికి మెమ్‌రిస్టర్ అని పేరు పెట్టారు. ఆ పైన మూడు దశాబ్దాల పాటు సిలికాన్ చిప్‌ల విజయం ముందు ఆక్సైడ్ పొరల మీద ఆసక్తి సన్నగిల్లింది.

2000లో ఐబీఎం జ్యూరిక్ పరిశోధకులు స్ట్రాన్షియం జిర్కోనేట్‌తోనూ, 2004లో శామ్‌సంగ్ నికెల్ ఆక్సైడ్‌తోనూ మెమరీ కణాలను చేసి చూపడంతో ఈ రంగం తిరిగి పుంజుకొన్నది. 2008లో హెచ్‌పీ ప్రయోగశాలలో స్ట్రుకోవ్, స్నైడర్, స్ట్యూవర్ట్, విలియమ్స్ టైటానియం డయాక్సైడ్ పరికరాన్ని చువా ఊహించిన మెమ్‌రిస్టర్‌గా ప్రకటించారు. పత్రికలలో ఎక్కువ పేరు దీనికే వచ్చినా, అదే టైటానియం ఆక్సైడ్‌లో హిక్‌మాట్ గమనించిన సంగతులకు అప్పటికే 46 ఏళ్లు నిండాయి. 2013లో పానసోనిక్ టాంటలం ఆక్సైడ్ మెమరీ గల మైక్రోకంట్రోలర్లను ఉత్పత్తిలోకి తెచ్చింది.

ఆక్సైడ్ పొరలలో మార్పిడికి మూలం వాటి నిర్మాణంలోని లోపమే. ప్రయోగశాలలో సన్నని సూదిని పై లోహపు చుక్కకు ఆనించి, కరెంటు ఒక మోతాదు మించకుండా ముందుగా హద్దు పెట్టి, వోల్టేజీని మెల్లగా పెంచుతారు. మొదట దాదాపు ఏమీ పారని పొరలో ఒకానొక వోల్టేజీ వద్ద కరెంటు ఒక్కసారిగా ఎగసి ఆ హద్దును తాకుతుంది. హద్దు లేకపోతే పొర శాశ్వతంగా చెడిపోతుంది. ఆక్సిజన్ పరమాణువులు వదిలిపోయిన ఖాళీలు వరుసకట్టి తంతువుగా ఏర్పడడం వల్ల ఇది జరుగుతుందనీ, పలు పరికరాలలో వోల్టేజీ దిశ మార్చినప్పుడు ఆ తంతువు ఒక చోట తెగుతుందనీ వివరిస్తారు. ఇటువంటి కణాలను పడుగు పేకల వలె అల్లిన తీగల కూడళ్లలో అమర్చితే, ఓమ్, కిర్కాఫ్ సూత్రాల ప్రకారం గుణకారమూ కూడికా మెమరీలోనే జరిగిపోతాయి. కృత్రిమ నాడీజాలాల లెక్కలలో అధిక భాగం ఇవే కనుక, మెదడు తరహా కంప్యూటింగ్‌కు ఈ అమరిక ఎంతో అనువైనది. 2024లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ బృందం రుథీనియం సమ్మేళనపు పొరలో 16 వేలకు పైగా స్థాయిలను సాధించింది. ఇది మెచ్చదగిన ముందడుగు.

తెలుగునాట ఈ చరిత్ర హాఫ్నియం అనే లోహంతో ముడిపడి ఉంది. భీమునిపట్నం తీరపు ఇసుకలో ఇల్మనైట్‌తో పాటు దొరికే జిర్కాన్ ఖనిజంలో హాఫ్నియం కొద్ది శాతంగా కలిసి ఉంటుంది. 1971లో ఏర్పడిన హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయం రియాక్టర్లకు జిర్కోనియం తయారుచేసేటప్పుడు, న్యూట్రాన్లను అధికంగా పీల్చుకొనే హాఫ్నియాన్ని వేరుచేయవలసి వస్తుంది. 2007లో ఇంటెల్ ట్రాన్సిస్టర్లలో చేరి చిప్ కర్మాగారాలకు అలవాటైన హాఫ్నియం పదార్థాలే తరువాత నిరోధ మెమరీకి కూడా ముఖ్యమయ్యాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎస్. వి. ఎస్. నాగేశ్వరరావు, ఎ. పి. పాఠక్, వారి సహచరులు హాఫ్నియం ఆక్సైడ్ మెమరీ పరికరాలపై గామా కిరణాల ప్రభావాన్ని పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఫ్లాష్ మెమరీ సమాచారాన్ని విద్యుదావేశంగా దాచుకొంటుంది గనుక వికిరణానికి అది చెదిరిపోయే అవకాశం ఉండగా, ఆక్సిజన్ ఖాళీల అమరికలో సమాచారాన్ని నిలిపే పరికరాలు అంతరిక్ష నౌకలలోనూ అణు కేంద్రాలలోనూ మరింత తట్టుకొంటాయన్న ఆశ ఈ తరహా పరిశోధనలకు ప్రేరణ.