మంట తగ్గింది, తడి పెరిగింది

అమెరికాలో, ఇంగ్లండ్‌లో పాత ఇటుక పొగగొట్టంలోకి లైనర్ అనే స్టీలు లోగొట్టం దించి, కింద రంపపు పొట్టు గుళికలతో మండే పెల్లెట్ స్టవ్ పెట్టుకున్న ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. గట్టి వాన కురిసిన మర్నాడు స్టవ్ వెనక గోడ మీద గోధుమరంగు మరక కనిపిస్తుంది, నేల మీద మసి కలిసిన నీళ్లు చుక్కలుగా పడి ఉంటాయి. తాతల నాటి పొగగొట్టం, అన్నేళ్లూ చుక్క కారనిది, కొత్త స్టవ్ రాగానే కారడం మొదలుపెడుతుంది. నింద ముందుగా పనివాడి మీద పడుతుంది: పైన సిలికాన్ సరిగా పూయలేదనో, టోపీ వదులుగా బిగించాడనో అంటారు. తప్పు అతనిదే కావచ్చు. అయినా ఇంటికి తడి తగలకుండా చూసే భారమంతా ఆ ఒక్క సిలికాన్ గీత మీదికి ఎలా వచ్చిపడిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి జవాబు పొగగొట్టం చరిత్రలో దొరుకుతుంది. పొగదారిలో పడే వానను శతాబ్దాల పాటు హరాయించుకున్నవి మూడు: కింద వృథాగా మండిన మంట, ఆ మంట ఈడ్చిన గాలి, తడిని పీల్చుకుని మళ్లీ ఆరిపోయే ఇటుక. పొదుపు కోసం ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటి తీసేసుకుంటూ వచ్చారు. నీళ్లు కనబడింది ఆ తర్వాతేనని నా వాదన.

మధ్యయుగపు ఇంగ్లండ్ హాళ్లలో మంట నేల నడుమ ఉండేది. పొగ కప్పులో వదిలిన కంతలోంచి పోయేది. ఆ కంత మీద లూవర్ అనే చిన్న గూడు కట్టి, దాని పక్కలకు ఏటవాలు చెక్కపలకలు అమర్చేవాళ్లు. మండువా లోగిలి ఎరిగినవాళ్లకు కప్పులో కంత వింతగా తోచదు. మనవాళ్లు వానను దర్జాగా లోపలికి రానిచ్చి తూము దారిన సాగనంపారు. నట్టనడుమ నిప్పు పెట్టుకున్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. రాతికోటల కాలం వచ్చాక మంట గోడలోకి జరిగింది. కోల్చెస్టర్, రోచెస్టర్ వంటి తొలినాటి కోటల్లో పొగదారి నిటారుగా పైదాకా పోదు; కాస్త ఎత్తు ఏటవాలుగా ఎక్కి గోడ బయటి ముఖంలోనే తెరుచుకుంటుంది. అందులో వాన బెడద తక్కువ, పొగ బెడద ఎక్కువ. పొగ బాగా లాగాలంటే గొట్టం నిలువుగా, ఎత్తుగా పోవాలి. అలా పోయిన గొట్టం నోరు ఆకాశానికి తెరుచుకుంటుంది. పొగగొట్టాలు కట్టినవాళ్లెవరూ ఈ బేరాన్ని తప్పించుకోలేకపోయారు.

ఆ బేరానికి సామాన్యులు కూడా ఒప్పుకున్నది 16వ శతాబ్దంలో. ఎసెక్స్ జిల్లా రాడ్‌వింటర్ ఊరి పాద్రీ విలియం హారిసన్ 1577లో అచ్చైన తన ఇంగ్లండ్ వర్ణనలో, ఊరి ముసలివాళ్లు తమ కళ్లముందు జరిగిన పెద్ద మార్పుల్లో మొదటిదిగా పొగగొట్టాలు పెరిగిపోవడాన్ని చెప్పుకున్నారని రాశాడు. పొగ పోయాక జలుబులూ తలనొప్పులూ ఎక్కువయ్యాయని ఆయన సణిగాడు కూడా. వాన గురించి మాత్రం ఆ సణుగుడు లేదు. 1662లో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల పన్ను వేసే నాటికి పొయ్యిలు లెక్కపెట్టి ఖజానా నింపుకోవచ్చని రాజుకు నమ్మకం కుదిరింది.

ఆ పొగదారిని కాస్త దగ్గరగా చూడాలి. ఇంగ్లండ్‌లో వాడుకలో స్థిరపడిన కొలత 14 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు. అంటే ఒకటిన్నర ఇటుక, ఒక ఇటుక. మసి దులపడానికి పిల్లలను లోపలికి ఎక్కించే ఘోరాన్ని అరికట్టాలని 1830, 40లలో వచ్చిన చట్టాలు పొగదారి కొలతల జోలికి కూడా వెళ్లాయి. లోపలి ముఖానికి సున్నంలో ఆవుపేడ కలిపి పూత పూసేవాళ్లు. పేడలోని పీచు పూతను పగలనివ్వదు, వేడికి కాస్త సాగనిస్తుంది; అలుకు తెలిసిన మనకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ నోటి వైశాల్యం చదరపు మీటరులో పన్నెండో వంతు. 25 మిల్లీమీటర్ల వాన నిటారుగా పడితే లోపలికి దిగేది రెండు లీటర్ల నీళ్లు. రెండు లీటర్లను కాచి ఆవిరి చేయడానికి సుమారు 5 మెగాజౌళ్ల వేడి కావాలి. ఒక కిలో ఎండు కట్టెలో ఉండే వేడి దాదాపు 16 మెగాజౌళ్లు. తెరిచిన పొయ్యి అందులో గదికి ఇచ్చేది పదో వంతో, ఇంకాస్తో. మిగతాది పొగతో పాటు పైకే. రోజుకు పదేసి కిలోల కట్టె మండే ఇంట్లో ఆ వానను ఆవిరి చేయడానికి వృథా అయ్యే వేడిలో పిసరంత చాలు. ఇంటివాళ్లకు తెలియకుండానే వాళ్ల దుబారా వాళ్ల గోడలను పొడిగా ఉంచింది.

దీనికి మొదటి అభ్యంతరం బలమైనదే. ఎండాకాలంలో హాలు పొయ్యి వెలిగించరు కదా, ఇంగ్లండ్‌లో వాన అప్పుడూ పడుతుంది కదా, మరి జూలైలో పొయ్యిలు ఎందుకు మునగలేదు? ఈ ప్రశ్న వేసుకుంటే వేడి ఒక్కటే కారణం కాదని తేలుతుంది, అందుకే మొదట్లో మూడు చెప్పాను. పాత పొగదారి అరుదుగా తిన్నగా పోతుంది. పై అంతస్తు పొయ్యిని తప్పించుకుంటూ పక్కకు వంగి, మళ్లీ లేస్తుంది. పడ్డ చినుకు ఆ వంపులో ఇటుకకు తగిలి ఇంకిపోతుంది. సున్నపు గచ్చు, మెత్తటి ఇటుక నీటిని పీల్చుకుంటాయి. కిందా పైనా తెరిచి ఉన్న గొట్టంలో మంట లేకపోయినా గాలి ఎంతో కొంత కదులుతూనే ఉంటుంది, పీల్చుకున్న తడిని మోసుకుపోతుంది. ఇటుక నిండుగా తడిసేలోపు వాన ఆగితే చాలు.

రెండో అభ్యంతరం చరిత్ర తెలిసినవాళ్లు వేసేది: పాత పొగగొట్టాలు కారలేదన్నది ఒట్టి మాట, కారినవి కూలిపోయాయి, మనకు మిగిలినవి కారనివే. ఇందులో సగం ఒప్పుకుంటాను. గొట్టం బయటి ముఖం మీద జారే నీళ్లు కప్పుతో కలిసే చోట లోపలికి దిగడం మొదటి నుంచీ ఉన్న తలనొప్పి. దానికి సాక్ష్యం రాతిలోనే ఉంది. ఇంగ్లిష్ ఛానెల్ దీవులైన జెర్సీ, గెర్న్‌సీలలో పాత ఇళ్ల పొగగొట్టాల నుంచి పలకరాళ్లు బయటికి పొడుచుకుని ఉంటాయి. రాత్రిళ్లు ఎగిరే మంత్రగత్తెలు అలసట తీర్చుకోవడానికి వేసిన పీటలని స్థానికుల కథ. పీట లేకపోతే వాళ్లు గొట్టంలోంచి ఇంట్లోకే దిగుతారట. అసలు పని వేరు. ఒకప్పుడు ఆ ఇళ్లకు మందపాటి పూరికప్పు ఉండేది. గొట్టం మీద జారిన నీళ్లు గడ్డికీ రాతికీ నడుమ సందులో దిగకుండా ఆ పలకలు చూరులా అడ్డుపడేవి. తర్వాత పలుచటి పలకల కప్పులు వచ్చి కప్పు ఎత్తు దిగిపోయింది, రాళ్లు గాలిలో మిగిలాయి, కథ పుట్టింది. వేరే చోట్ల ఇదే పని సీసపు రేకు చేసింది: ఇటుకల వరుసల మధ్య మెట్లుమెట్లుగా దూర్చి కప్పు మీదికి వంచిన రేకు. ఇప్పుడు ఫ్లాషింగ్ అంటున్నది దాన్నే. కాబట్టి బయటి నీళ్ల గురించి మేస్త్రీలకు మొదటి నుంచీ బాగా తెలుసు, దానికి రాయీ సీసమూ ఖర్చుపెట్టారు. గొట్టం లోపలి నీళ్లకు అంత ఖర్చు పెట్టిన దాఖలా మాత్రం పాత కట్టడాల్లో కనిపించదు. అవసరం పడి ఉంటే అదే చేత్తో ఆ పనీ చేసి ఉండేవాళ్లు.

అవసరం పడేలా చేసింది పొదుపు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1744లో తన పెన్సిల్వేనియా పొయ్యి గురించి పుస్తకం వేశాడు; 1796లో కౌంట్ రమ్‌ఫర్డ్ పొయ్యి గొంతును నాలుగు అంగుళాలకు కుదించమన్నాడు. ఇద్దరి కోపమూ పైకి పోయే వేడి మీదే. వాళ్ల మాట విని 19వ శతాబ్దమంతా పొయ్యిలు సన్నబడ్డాయి, ఇనప స్టవ్‌లు వచ్చాయి. బ్రిటన్‌లో అసలు దెబ్బ 20వ శతాబ్దం నడుమ తగిలింది. 1952 డిసెంబరు లండన్ పొగమంచు, దాని వెంట 1956 స్వచ్ఛవాయు చట్టం వచ్చాక తెరిచిన బొగ్గు పొయ్యిల స్థానంలో మూతబిగించి నెమ్మదిగా మండించే స్టవ్‌లు, బాయిలర్లు పెరిగాయి. పొగ చల్లబడింది. ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి గొట్టం పైభాగంలోనే చల్లారి నీరై, గంధకపు లవణాలను మోసుకుని గచ్చులోకి ఇంకింది. ఆ లవణాలు తడి తగిలినప్పుడల్లా సిమెంటు గచ్చును ఉబ్బిస్తాయి. వాన విసురు ఎక్కువ తగిలే వైపు ఎక్కువ ఉబ్బుతుంది, గొట్టం రెండో వైపుకు ఒరుగుతుంది. బ్రిటిష్ ఊళ్లలో కప్పుల మీద వంగి నిలబడ్డ పొగగొట్టాలు కొన్నింటి కథ ఇదే. వానా, మంటలోంచి పుట్టిన నీరూ కలిసి చేసిన పని అది. మంట ధారాళంగా ఉన్నన్నాళ్లూ ఆ రెండూ అక్కడ నిలవలేదు. 1965 నాటి భవన నియమావళి కొత్త పొగదారులకు లోపల లైనింగ్ ఉండాలంది. పేడ పూత కాలం అధికారికంగా ముగిసింది.

పెల్లెట్ స్టవ్ ఈ దారిలో చివరి మజిలీ. 1970ల చమురు సంక్షోభం తర్వాత రంపపు పొట్టును ఒత్తి చేసిన, అంగుళంలో నాలుగో వంతు లావుండే గుళికలు ఇంధనంగా వచ్చాయి. 1980లలో అమెరికా వాయవ్యాన వాషింగ్టన్ రాష్ట్రంలో విమానాల ఇంజనీరు జెర్రీ విట్‌ఫీల్డ్ వాటిని ఇంట్లో మండించే స్టవ్ తయారుచేశాడు. ఆ రాష్ట్రపు పడమటి భాగం నెలల తరబడి చినుకు ఆగని ప్రాంతం. సియాటిల్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు ఆ వాన పరిచయమే. స్టవ్ తనలోని వేడిలో 70 శాతానికి పైగా గదికే ఇస్తుంది. పొగను ఫ్యాను నెడుతుంది కనుక మూడు నాలుగు అంగుళాల గొట్టం చాలు. దాన్ని పాత పొగదారిలోకి దించుతారు. ఇక్కడ మళ్లీ లెక్క వేస్తే అసలు సంగతి బయటపడుతుంది. నాలుగు అంగుళాల గుండ్రటి నోటి వైశాల్యం పాత 14, 9 అంగుళాల నోటిలో పదో వంతు. అంటే ఒకప్పుడు మంట ఏలిన నోటిలో తొమ్మిది వంతులు ఇప్పుడు మంట లేని ఖాళీ. అందులో పడ్డ వానను ఆరబెట్టే వేడి లేదు, కింద మూసేశారు కాబట్టి గాలి కదలదు. ఆ తొమ్మిది వంతుల మీద కప్పిన స్టీలు పలక, దాని అంచున పూసిన సిలికాన్, ఇవే మొత్తం రక్షణ. సిలికాన్ ఒక చోట ఊడితే నీళ్లు లైనర్ బయటి మడతల వెంట జారుకుంటూ నేరుగా కింద, స్టవ్ గొట్టం లైనర్‌తో కలిసే టీ (T) ఆకారపు మలుపు దగ్గర తేలతాయి. ఇటుకకు తగిలి ఇంకే అవకాశం కూడా స్టీలు ఇవ్వదు.

అలాంటప్పుడు పైన అంతా గట్టిగా మూసేస్తే పోలేదా అన్నది మూడో అభ్యంతరం. లైనర్ నోటికి టోపీ, పలక చుట్టూ మంచి సీలు, పలకకు వాలు, కింద గొట్టపు తలకు అంచు దాటి బయటికి వచ్చి చుక్కను విడిచే కాంక్రీటు కిరీటం: ఇవన్నీ కావలసినవే, చేయించుకోవలసినవే. అయితే పైన మూసేస్తే పైనుంచి పడే వాన ఆగుతుంది కానీ, పక్కల నుంచి ఇటుక పీల్చే తడి ఆగదు. మంట ఉన్న రోజుల్లో అది లోపలికి ఆరేది; ఇప్పుడు ఆరడానికి చోటు లేదు. వాడని పొగదారులకు కిందా పైనా గాలి కంతలు వదలాలని బ్రిటిష్ భవన నిపుణులు అందుకే పట్టుబడతారు, పైకంతకు వాన పడని టోపీ పెడుతూ. లైనర్ చుట్టూ ఉన్న ఖాళీ నిజానికి వాడని పొగదారే. అయితే పెల్లెట్ స్టవ్ ఉన్న చోట కింద కంత వదలడం సులభం కాదు, స్టవ్ తయారీదారు నియమాలూ అగ్నిభద్రతా నియమాలూ అడ్డొస్తాయి. మిగిలిన దారి ఇటుక బయటి ముఖాన్ని కాపాడటం: రాలిన గచ్చు మళ్లీ నింపడం, ఆవిరిని బయటికి పోనిచ్చే రకం నీటినిరోధక పూత మాత్రమే వాడటం. మామూలు రంగు వేస్తే తడి లోపలే బందీ అవుతుంది.

అందువల్ల కారుతున్న గొట్టం దగ్గర ముందు తేల్చుకోవలసింది తడి ఎప్పుడు వస్తోందన్నది. ఏ వానకైనా, పడ్డ గంటలోపే కారితే పైన పలకనూ టోపీనీ చూడాలి. ఒకే వైపు నుంచి గాలివాన కొట్టినప్పుడే వస్తే ఫ్లాషింగ్‌నూ ఇటుకనూ చూడాలి. వాన ఆగిన రెండు మూడు రోజులకు నెమ్మదిగా మరక పెరిగితే ఇటుక పీల్చిన నీరు దిగుతోంది. ఆకాశం నిర్మలంగా ఉండి, చలి బాగా ఉన్న రాత్రి స్టవ్ మండుతుండగా తడి కనిపిస్తే దానికీ వానకూ సంబంధం లేదు: ఒక కిలో గుళికలు మండితే దాదాపు అర కిలో నీటి ఆవిరి పుడుతుంది, చల్లటి గొట్టంలో అది మళ్లీ నీరవుతోంది. అప్పుడు కప్పు ఎక్కి ఎంత సిలికాన్ పూసినా లాభం ఉండదు. లైనర్ చుట్టూ వేడి పోకుండా ఇన్సులేషన్ చుట్టించాలి.