అడిగే విద్య దివిసీమకు ఎవరు నేర్పారు?

స్వచ్ఛంద సంస్థల సావనీర్లలో, వార్షికోత్సవ ప్రసంగాల్లో ఒక కథ తరచుగా వినిపిస్తుంది. 1977 ఉప్పెనకు ముందు కృష్ణా డెల్టాలో దానధర్మాలు ఉండేవి గానీ, విరాళాలు సేకరించే నేర్పు మాత్రం లేదట. ఉప్పెన తర్వాత బయటి సంస్థలు వచ్చి ప్రతిపాదన రాయడం, లెక్క చూపడం, దాతను నిలుపుకోవడం మనవాళ్లకు నేర్పాయట. దేశం మొత్తానికి చెప్పే కథ కూడా ఇలాగే ఉంటుంది. 1974లో ఇంగ్లండ్‌లోని ‘హెల్ప్ ద ఏజ్డ్’ వ్యవస్థాపకుడు సెసిల్ జాక్సన్ కోల్ ఢిల్లీ వచ్చినప్పుడు శాంసన్ డేనియల్ ఆర్థిక సాయం అడిగాడు. ఆయన డబ్బివ్వలేదు, డబ్బు సేకరించే శిక్షణ ఇప్పిస్తానన్నాడు. డేనియల్ లండన్‌లో మూడు నెలలు నేర్చుకుని వచ్చి, బడిపిల్లల చేత నడక కార్యక్రమం చేయించి విరాళాలు రాబట్టాడు. 1978లో హెల్పేజ్ ఇండియా రిజిస్టరయింది. ఇదంతా నిజమే. అయితే దీన్ని చూపించి ఈ విద్య మొత్తం విమానంలో దిగిందనడమే నాకు మింగుడు పడదు. బందరు, గుడివాడ, కోడూరు ప్రాంతాల మట్టుకు జరిగింది దాదాపు ఇందుకు తలకిందులు.

తొలి దశల గురించి అందరికీ తెలిసిందే, పొడిగించను. ధనుర్మాసంలో అక్షయపాత్ర నెత్తిన పెట్టుకుని గడపగడపకూ వచ్చే హరిదాసు, వారాలు చెప్పుకుని చదువుకునే పేద పిల్లలు, బాటసారుల సత్రాలు. వీటిలో అడిగే మర్యాద ఉంది, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే మెలకువ ఉంది. లెక్క మాత్రం లేదు. లెక్కతో కూడిన చందా బందరుకు మిషనరీలతో వచ్చింది. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టాడు. ఆయన తోటివాడు హెన్రీ ఫాక్స్ 1848లో చనిపోయాక, ఫాక్స్ చదివిన రగ్బీ పాఠశాల వాళ్లు ఆయన పేర బందరు బడిలో ఒక ఉపాధ్యాయ పదవికి నిధి సమకూర్చారు. ఎక్కడి రగ్బీ, ఎక్కడి బందరు! చచ్చిపోయినవాడి పేరు మీద, కళ్లతో చూడని ఊరి కోసం డబ్బు తేవడం ఒక విద్యేనని ఊళ్లో చదువుకున్నవాళ్లు గమనించే ఉంటారు.

నా వాదం నిలబడేది గానీ పడేది గానీ 1907 నుంచి 1929 వరకు ఉన్న కాలం మీద. 1907లో ముట్నూరి కృష్ణారావు వెంట బిపిన్ చంద్రపాల్ వచ్చి ఆంధ్ర ప్రాంతమంతా ఉపన్యాసాలిచ్చాడు. ఆ వేడి చల్లారక ముందే బందరులో జాతీయ విద్యాలయం పెట్టాలన్న సంకల్పం పుట్టింది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల మొదలయింది. దాని వెనుక ఉన్న ముగ్గురూ తెలిసినవాళ్లే: కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య. మామూలు చరిత్రలు హనుమంతరావు త్యాగం దగ్గర ఆగిపోతాయి. వకీలు వృత్తి వదిలాడు, కళాశాలకు జీవితం ధారపోశాడు, 1922లో చిన్న వయసులోనే పోయాడు. త్యాగం కాదనను. కానీ సర్కారు సొమ్ముకు దూరంగా ఉండాలనుకున్న ఆ కళాశాల మగ్గాల మీదా యంత్రాల మీదా పని నేర్పుతూ ఏళ్ల తరబడి నడిచింది. నెలనెలా జీతాలు ఎక్కడివి? జిల్లాలు తిరిగి తెచ్చిన చందాలవి. త్యాగమూర్తిగా నిలబెట్టిన మనిషిని పనివాడిగా చూడటం మనకు ఎందుకో కష్టంగా ఉంటుంది.

ఆయన పోయిన మరుసటి ఏడే, 1923 నవంబరులో, పట్టాభి అదే ఊళ్లో లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకు తెరిచాడు. చందా వేరు, వాటా వేరు. వాటా కొన్నవాడు లాభం ఆశిస్తాడు. ఆ తేడా ఒప్పుకుంటాను. అయినా రైతు దగ్గర, ప్లీడరు దగ్గర కూచుని, అతను ఎన్నడూ చూడని సంస్థకు రూపాయి ఇప్పించడం, తర్వాత లెక్క చూపి రెండో రూపాయి కూడా ఇప్పించడం రెండింటిలోనూ ఒకటే పని. కళాశాల కోసం తిరిగిన దారుల్లోనే బ్యాంకు వాటాలూ పోగయ్యాయని నా ఊహ. ఊహే, కాగితం సాక్ష్యం చూపలేను. అదే ఊళ్లో, అదే మనుషుల చేతుల్లో, ఇంత దగ్గర కాలంలో రెండూ జరగడాన్ని మాత్రం కాకతాళీయం అనలేను.

ఈ మధ్యలో 1921 వచ్చింది. మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెస్ సంఘం జూన్ 30 లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది. మూడు నెలల గడువు, ఊరూరా లక్ష్యం, కార్యకర్త చేతికి రసీదు పుస్తకం. ఇవాళ నిధుల సేకరణ ప్రచారానికి కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి. గాంధీకి ఇది కొత్త పని కాదు. 1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టినప్పుడే ఆయన ఈ బడిలో చదివాడు. తోంగాత్ అనే చోట ఆతిథ్యమిచ్చిన ఆసామి ఆరు పౌన్లు ఇవ్వాల్సి ఉండగా మూడే ఇస్తానన్నాడు. మూడు తీసుకుంటే మిగతావాళ్లూ దిగిపోతారు. గాంధీ బృందం ఆ రాత్రి భోజనం ముట్టకుండా కూచుంది. తెల్లవారాక ఆరూ వచ్చాయి, తర్వాతే భోజనం. ఆత్మకథలో ఆయన ఈ సంగతి చెప్పి, రసీదులేని పైసా తీసుకోకూడదన్న పట్టుదలను కూడా రాశాడు.

ఆ పట్టుదల మన ఊళ్లకు ఎలా చేరిందో చూపేది 1929 ఖద్దరు నిధి పర్యటన. ఆ వేసవిలో దేశభక్త కొండా వెంకటప్పయ్య వెంట ఉండగా గాంధీ ఆంధ్ర జిల్లాలన్నీ తిరిగాడు. సభలో ఇచ్చిన బహుమతులు అక్కడికక్కడే వేలం వేశాడు, ఆడవాళ్ల చేత గాజులు తీయించాడు. ఇవి అందరూ చెప్పుకునేవే. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది తర్వాత ‘యంగ్ ఇండియా’లో అచ్చయిన జాబితా. తేదీ వారీగా, ఊరి వారీగా, ఏ ఊళ్లో ఎంత వచ్చిందో రూపాయలు, అణాలు, పైసలతో సహా. తన ఊరి పక్కన అంకె చూసుకున్నవాడు పొరుగూరి అంకె కూడా చూస్తాడు. ఒక్క పేజీలో భరోసా, పోటీ రెండూ ఉన్నాయి. దాతకు నివేదిక ఎలా ఇవ్వాలో నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

పల్లెల్లో ఈ పని మరో రూపంలో సాగింది. సంక్రాంతి ముందు వెనకల, నూర్పిళ్లప్పుడు, కళ్లంలో ధాన్యం రాశి పోసి ఉండగా గ్రంథాలయానికో బడికో గుడికో చందా అడిగేవాళ్లు. రూపాయలు అడిగితే లేవంటారు, బస్తాలు అడిగితే ఎదురుగా ఉన్నవి లేవనలేరు. జాబితాలో మొదటి పేరు ఎవరిదో ముందే తేల్చుకుని ఆయన ఇంటికే ముందు వెళ్లేవాళ్లు. తర్వాతి ఇంట్లో మాట ఇలా నడిచేది: “బాబాయ్, మీ పేరున అయిదు బస్తాలు రాసుకున్నాం.” “అయిదా! మీ పెదనాన్న ఎంత రాయించాడ్రా?” “ఆయన ఆరు.” “సరే, నాలుగున్నర రాయి.” చందాల పుస్తకం పట్టుకున్న కుర్రాడు మాట్లాడడు, వింటాడు. ఏ ఇంటికి ఏ బంధువుని తోడు తీసుకెళ్లాలి, ఏ పార్టీవాణ్ని గుమ్మం బయటే ఉంచాలి, ఎక్కడ ఆగి మంచినీళ్లు అడగాలి, ఇవన్నీ అతనికి అబ్బుతాయి. నాలుగేళ్లకు పుస్తకం ఇంకో కుర్రాడి చేతికి పోయి, ఇతను మాట్లాడేవాడు అవుతాడు.

దీన్ని స్వర్ణయుగం అనడం నా ఉద్దేశం కాదు. నలుగురిలో పరువు తీసి రాబట్టిన చందా కూడా చందాగానే లెక్కకెక్కింది. పుస్తకం పట్టినవాళ్లు చాలావరకు బ్రాహ్మణ ప్లీడర్లు, కలిగిన రైతులు. మాలపల్లె, మాదిగపల్లె వైపు ఆ పుస్తకం వెళ్లేదే కాదు. అందుకే ఆ పల్లెల్లో వేరే బడి పుట్టింది, దాన్ని మన చరిత్రకారులు దాదాపు వదిలేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా, దోర్నకల్ పీఠానికి, కలకత్తాలో అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య పరిధిలోకి తర్వాత కృష్ణా ప్రాంతపు సి.ఎం.ఎస్. (చర్చ్ మిషనరీ సొసైటీ) సంఘాలు కూడా వచ్చాయి. పేదల సంఘం పరాయి సొమ్ము మీద బతక్కూడదన్నది ఆయన పట్టు. ఎసరులో బియ్యం పోసే ముందు తల్లి ఒక పిడికెడు తీసి విడిగా పెట్టడం, ఆదివారం గుడికి తేవడం, పంట పండుగకు కోడిపిల్లో గుమ్మడికాయో తెచ్చి వేలంలో పెట్టడం, పెద్దలు లెక్క చదివి వినిపించడం తెలుగు సంఘాల్లో వాడుక. క్రైస్తవులు ఇవ్వవలసిన తీరు మీద ఆయన ఒక పుస్తకమే రాశాడు. కూలి చేసుకునే కుటుంబాల నుంచి ఏటా, వదలకుండా, చిన్న మొత్తాలు రాబట్టి లెక్క చెప్పడం కళ్లంలో ఆరు బస్తాలు రాయించడం కంటే కష్టమైన పని.

స్వాతంత్ర్యం తర్వాత ఇరవై ఏళ్లలో కొత్తగా చేరింది సినిమా తార. 1950లో మొదలైన గుడివాడ కళాశాలకు అక్కినేని నాగేశ్వరరావు విరాళం ఇచ్చాడు, కళాశాల ఆయన పేరు పెట్టుకుంది. 1952లో రాయలసీమ కరువుకు ఎన్.టి. రామారావు వీధుల్లోకి వచ్చాడు. తార వస్తే జోలె నిండుతుంది. చందా పుస్తకం పట్టే కుర్రాడికి అందులో నేర్చుకోవడానికి ఏమీ ఉండదు.

1977 నవంబరు 19 రాత్రి సముద్రం దివిసీమ మీదికి వచ్చింది. పాలకాయతిప్ప, హంసలదీవి, సొర్లగొంది ఊళ్లను ఊడ్చేసింది. మృతుల సంఖ్య పదివేల దరిదాపు అని అధికారిక లెక్క. రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టారు. మదర్ థెరిసా వచ్చింది. రామకృష్ణ మిషన్, చర్చిల సేవా సంస్థ కాసా వంటివి ఇళ్లు కట్టాయి. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు, మండలి వెంకట కృష్ణారావు వెంట ఉన్న గాంధేయులు శవాల మధ్య పనిచేశారు. ఇక్కడే ప్రచారంలో ఉన్న కథతో నాకు పేచీ. బయటి సంస్థలు నేర్పు తేలేదని నేననడం లేదు. కాంక్రీటు ఇళ్లు, తుపాను ఆశ్రయాలు కళ్లం ధాన్యంతో లేచేవి కావు. కానీ ఆ డబ్బుతో పాటు లెక్క చదివేవాడు ఊరు దాటిపోయాడు. అంతవరకూ చందా ఇచ్చినవాడే లెక్క అడిగేవాడు, అతను వీధి చివర ఉండేవాడు. ఇప్పుడు అతను లండన్‌లోనో జెనీవాలోనో ఢిల్లీలోనో ఉన్నాడు, ఇంగ్లీషులో చదువుతాడు. 1976లో వచ్చిన విదేశీ విరాళాల చట్టం 1984 సవరణతో రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. దాంతో అరుగు మీద కూచుని అడగగలవాడి విలువ తగ్గి, ఫారం నింపగలవాడి విలువ పెరిగింది. తర్వాతి ఇరవై ఏళ్లలో జరిగిన శిక్షణ తరగతులు చాలావరకు ఆ రెండోవాడి కోసమే.

నింద మొత్తం ఉప్పెన తర్వాతి సంస్థల మీద వేయడం కూడా న్యాయం కాదు. కళ్లమే పోయింది. కోత యంత్రం వచ్చాక ధాన్యం చేలోంచే లారీ ఎక్కుతోంది. పండించేవాడు కౌలు రైతు, పొలం ఆసామి హైదరాబాదులో, వాళ్లబ్బాయి డల్లాస్‌లో. కోడూరు, నాగాయలంక వైపు కొంత నేల రొయ్యల చెరువుల కింద ఉంది. చందా పుస్తకం పట్టుకుని వెళ్లడానికి గుమ్మం ఏది?

ఇప్పటి పరిస్థితి గురించి నా అభిప్రాయం అంత ఉత్సాహంగా ఏమీ లేదు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలంది. 2021 ఏప్రిల్ నుంచి ఆ డబ్బు తీసుకునే సంస్థ సి.ఎస్.ఆర్.-1 ఫారంతో నమోదు కావాలి. దివిసీమలో ఒక చిన్న వృద్ధాశ్రమం ఆ మెట్లు ఎక్కడం కష్టం. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించి పాలనా ఖర్చును యాభై శాతం నుంచి ఇరవైకి తగ్గించారు, ఒక సంస్థ ఆ సొమ్ము మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. దుర్వినియోగాన్ని ఆపాలన్న కారణం అర్థమవుతుంది. కానీ పెద్ద సంస్థ చిన్న సంస్థకు డబ్బిచ్చినప్పుడు దాంతో పాటే రసీదు రాయడం, ఆడిట్‌కు నిలబడటం కూడా అందేవి. ఆ దారి మూసుకుంది. ఖర్చులు కోయాల్సి వస్తే మొదట పోయేది శిక్షణే.

నగరాల్లో జరిగే తరగతుల్లో ఇంగ్లీషు స్లైడ్ల మీద చెప్పేది దాతను కదిలించే ఫొటో, కన్నీటి కథ, నెలనెలా కోత పడే ఆన్‌లైన్ విరాళం. డబ్బు వస్తుంది, కాదనను. కానీ సాయం పొందే పిల్ల ముఖాన్ని తెర మీద పెట్టి అడగడం నాకు రుచించదు. కళ్లం దగ్గర అడిగినవాడు ఎవరి దీనత్వాన్నీ చూపించలేదు, తన ఊరి బడిని చూపించాడు.

విచిత్రంగా, 1929 జాబితాకు అసలు వారసుడు వాట్సాప్ గ్రూపులో కనిపిస్తున్నాడు. ఊరి గుడికో శ్మశానవాటికకో బడి గదికో చందా మొదలుపెడితే, అమెరికాలో ఉన్న మొదటి పెద్దాయన అంకె పడుతుంది. దాన్ని చూసి మిగతా పేర్లు, మొత్తాలు కింద చేరుతాయి. క్యూఆర్ కోడ్ మీద సాయంత్రానికి లక్షలు. అయితే ఆ జాబితాలో వచ్చినదే కనిపిస్తుంది. సిమెంటుకెంత, కూలికెంత, మిగిలినది ఎక్కడుంది అన్న పేజీని గ్రూపులో ఎవరూ పెట్టరు, అడిగినవాడు ఊరికి శత్రువవుతాడు.

ఆ పేజీ రాయడం తెలిసినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. సహకార సంఘంలో ముప్పై ఏళ్లు పద్దులు రాసిన గుమాస్తా ఉన్నాడు, పిడికెడు బియ్యం లెక్క చూసిన సంఘపు పెద్దమ్మ ఉంది, పొదుపు సంఘాల పుస్తకాలు రాసే ఆడపిల్లలు ఉన్నారు. కోడూరులో నిధుల సేకరణ మీద తరగతి పెడితే మొదటి పూట పాఠం వీళ్ల చేతే చెప్పించాలని నేనంటాను. వాళ్లకు గౌరవ భత్యం ఇచ్చే పద్దు మాత్రం ఏ ప్రాజెక్టు బడ్జెట్టులోనూ ఇంతవరకు నా కంటపడలేదు.