పాత పాటకు పెద్ద టీ

ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు కొట్టేవాళ్ళకి ‘పాత’కీ ‘పాట’కీ తేడా చూపేది షిఫ్టు కీ ఒక్కటే. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. ఈ ఏర్పాటు వెనక కొంత చరిత్ర ఉంది.

పాత టెలిప్రింటర్లకు ఐదు బిట్లు, అంటే 32 సంకేతాలే. అంకెలు కావాలంటే ముందు షిఫ్టు సంకేతం పంపాలి. అది దారిలో పోతే అంకెలన్నీ అక్షరాలైపోయేవి. 1963లో అమెరికాలో వచ్చిన ఆస్కీ, ఏడు బిట్లతో 128 గళ్ళు ఇచ్చి ఆ బెడద వదిలించింది. అయితే అందులో చిన్న అక్షరాలు లేవు. 1967 నాటికి గానీ చేరలేదు. అవి చేరబట్టే మనకు 52 అక్షరాలు దక్కాయి.

1990లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లోని తెలుగువాళ్ళు ఈమెయిళ్ళలో, న్యూస్‌గ్రూపుల్లో తెలుగు రాసుకోవడానికి ఆ 52నే వాడుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ఆర్టీఎస్ పద్ధతి వచ్చింది. దాన్ని తెలుగు లిపిలోకి మార్చే ‘రిట్’ ప్రోగ్రాం కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌లది.

ఇక్కడ బేరం చూడండి. ఎక్కువగా వచ్చే త, న, ల చిన్న అక్షరాలకు; ట, ణ, ళ పెద్దవాటికి. వాటంగానే ఉంది. కానీ ప్రతి ‘వాడు’లోనూ ఉండే డ కూడా పెద్ద అక్షరమే! టైపు ఎక్కడా నేర్చుకోని నాలాంటివాడి చిటికెన వేలిని అడగాలి ఆ సంగతి. దీర్ఘానికి రెండు ‘ఏ’లు కొట్టినా, ఒక పెద్ద ‘ఏ’ కొట్టినా చెల్లుతుంది. రాసేవాడికి సుఖం, వెతికేవాడికి కష్టం: ఒకే మాటకు రెండు మూడు స్పెల్లింగులు. ఇక అన్నీ చిన్న అక్షరాల్లోనే కొట్టేస్తే కళ కాస్తా కల అయిపోతుంది.

అయినా నాకు ఆ బేరం లాభసాటిగానే కనిపిస్తుంది. తరవాత పత్రికలు వెబ్‌లో ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు వాడాయి. చూడ్డానికి ముచ్చటైన తెలుగే. కానీ ఆ ఫాంటు లేకపోతే అంతా పిచ్చిగీతలు. ఆర్టీఎస్ రాతను మాత్రం ఏ ఫాంటూ లేకుండా ఇవాళ్టికీ కళ్ళతో చదువుకోవచ్చు, నియమాలు తెలిస్తే చిన్న ప్రోగ్రాంతో యూనికోడ్‌లోకి తెచ్చుకోవచ్చు.

యూనికోడ్ 1991లోనే తెలుగుకు 128 గళ్ళు కేటాయించింది. అది మన కంప్యూటర్ల దాకా వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలంలో రాసుకున్న కథలూ వాదనలూ మీ పాత డిస్కుల్లో ఉంటే పారేయకండి. అవి ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నా, అది తెలుగే.